ఆగే పని, ఆగని పని

పాడి, పంట, పెరడు మూడూ ఉన్న ఇంట్లో పని తెమలడమంటూ ఉండదు. పొద్దున ఎత్తిన చోటే సాయంత్రానికి మళ్లీ పేడ ఉంటుంది. నింపిన తొట్టి మధ్యాహ్నానికి అడుగంటుతుంది. కలుపు తీసిన మడిలో పది రోజులకు మళ్లీ కలుపు లేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా రాత్రి మంచం ఎక్కేటప్పుడు 'ఈరోజు కూడా పనంతా కాలేదు' అనే దిగులు చాలామందిని వదలదు. ఒళ్లు అలిసిపోతే ఒక నిద్ర తీసి లేచేసరికి తేరుకుంటుంది. ఈ దిగులుతో వచ్చే అలసట మాత్రం పొద్దున మనతోపాటే లేస్తుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంటి పనుల్లో ఆగేవి ఏవో, ఆగనివి ఏవో ముందు విడదీయండి. ఆగని ప్రతి పనికీ పేరు పెట్టి ఒక మనిషిని, ఆ మనిషి లేని రోజున అదే పని చేయగల మరో మనిషిని ఏర్పాటు చేసుకోండి. గుంటూరు వైపు రైతు ఇల్లయినా, నల్గొండ వైపు రైతు ఇల్లయినా పనుల వరస ఇంచుమించు ఒక్కటే కాబట్టి ఈ ఏర్పాటు ఎక్కడైనా కుదురుతుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇంటిల్లిపాదీ ఒక పూట కూర్చుని మాట్లాడుకోవాలి, అంతే.

మూడు కుప్పలు

ఇంట్లో ఏ పనైనా మూడింటిలో ఒక కుప్పలోకి వస్తుంది.

మొదటివి వేళ పనులు. పాలు పితకడం, పశువులకు మేత, నీళ్లు, పేడ ఎత్తడం, కోళ్లను వదలడం, మళ్లీ గంప కింద మూయడం, వంట. ఇవి గంట అటూఇటూ అయితే అయ్యాయి గానీ రేపటికి వాయిదా పడవు. పండగ వచ్చినా, జ్వరం వచ్చినా, చావు కబురు వచ్చినా గేదె పొదుగు నిండుతూనే ఉంటుంది.

రెండోవి అదను పనులు. విత్తనం వేయడం, ఎదకు వచ్చిన గేదెకు సూది వేయించడం, వానలకు ముందు టీకాలు, కందులు ఎండబెట్టడం, ఆవకాయ పెట్టడం, గడ్డివామి వేయడం. వీటికి రోజూ సమయం అక్కర్లేదు. కానీ వాటి అదను కొన్నింటికి పన్నెండు గంటలు, కొన్నింటికి పది రోజులు, అంతే ఉంటుంది. అది దాటితే ఎంత కష్టపడినా తిరిగి రాదు.

మూడోవి తీరిక పనులు. కంచె బాగుచేయడం, కొట్టంలో గుంతలు పూడ్చడం, కొడవళ్లకు పదును పెట్టించడం, అటక సర్దడం. ఇవి ఈ వారం కాకపోతే వచ్చే వారం.

చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, మూడూ కలగాపులగంగా ఒకే మనిషి బుర్రలో ఉంటాయి. కళ్లెదుట కనిపించిన పని ముందు చేస్తాం. అటక సర్దడం మొదలుపెట్టిన రోజునే గేదె ఎదకు వచ్చిన సంగతి చూడకుండా పోతుంది. కంచె కట్టే పనిలో పడి, ఎండ కాసిన రెండు రోజులూ మిరపకాయలు గోతాంలోనే ఉండిపోతాయి. బద్ధకం వల్ల ఇలా జరగదు. ఎక్కువ పని చేసే ఇళ్లలోనే ఎక్కువగా జరుగుతుంది.

పాలు పితికే ఆ అరగంట

వేళ పని అంటే ఏమిటో పాల దగ్గర చూస్తే బాగా తెలుస్తుంది.

దూడను వదిలో, దాణా పెట్టో గేదెను చేపుకు తెస్తాం. పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొడిబట్టతో తుడిచిన రెండు మూడు నిమిషాలకు చన్నులు బిగుసుకుంటాయి. అప్పటి నుంచి చేపు నిలిచేది ఐదారు నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో పితకడం పూర్తి కావాలి. మధ్యలో ఫోన్ మోగిందని లేచినా, కొత్త మనిషి వచ్చి గట్టిగా మాట్లాడినా, కుక్క మొరిగినా గేదె పాలు ఎగబెడుతుంది. బొటనవేలు మడిచి పితికితే చన్ను లోపల గాయమవుతుంది. పిడికిలి నిండా పట్టి పితకడమే మంచి పద్ధతి.

ఆఖరున వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. వాటిని పొదుగులో వదిలేస్తే పాలకేంద్రం దగ్గర వెన్న శాతం తగ్గుతుంది, దానితోపాటు ధరా తగ్గుతుంది. పైగా మిగిలిన పాలే పొదుగువాపుకు దారితీస్తాయి. పితికాక కూడా చన్ను రంధ్రాలు అరగంట దాకా పూర్తిగా మూసుకోవు. ఆ సమయంలో గేదె పేడలో పడుకుంటే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. అందుకే పాలు తీయగానే పచ్చిగడ్డి వేస్తారు. మేస్తూ అరగంట నిలబడుతుంది, చన్నులు మూసుకుంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. పాలు పితకడం అంటే చెంబు పట్టుకుని కూర్చోవడం ఒక్కటే కాదు. నీళ్లు కాచడం, బట్ట ఆరబెట్టి ఉంచడం, దూడను కట్టేయడం, గడ్డి ముందే కోసి ఉంచడం, పాలు వడగట్టి కేంద్రానికి వేళకు చేర్చడం, క్యాను కడిగి బోర్లించడం, ఇదంతా కలిస్తే ఒక పని. రోజూ రెండు పూటలా, పన్నెండేసి గంటల ఎడంతో జరగాలి. ఇందులో ఏ ముక్క ఎవరిది అన్నది తేలకపోతే అన్ని ముక్కలూ చివరికి ఆ ఇంటి ఇల్లాలి దగ్గరికే చేరతాయి.

నీళ్ల సంగతీ అంతే. పాలిచ్చే గేదె రోజుకు 60 లీటర్లకు పైనే తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. గేదె పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీళ్లే. తొట్టి ఖాళీగా ఉన్న పూట పాలు తగ్గితే దాణా వేసి లాభం లేదు. గేదె చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. కాబట్టి వేసవిలో మధ్యాహ్నం ఒంటిమీద నీళ్లు పోయడం కూడా వేళ పనే, ముచ్చటకు చేసేది కాదు.

సాయం సరిపోదు

2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ప్రజలు రోజులో సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పాల్గొన్న మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అంటే ఒకరిది ఐదు గంటలు, మరొకరిది గంటన్నర చిల్లర. అసలు ఇంటి పని ముట్టని మగవాళ్లు ఈ లెక్కలోకే రాలేదు.

రైతు ఇంట్లో మగవాళ్లు కష్టపడరని ఎవరూ అనరు. దమ్ము చేయడం, మందు కొట్టడం, రాత్రి మోటారు దగ్గర కాపలా, మార్కెట్ యార్డులో రెండేసి రోజుల పడిగాపులు, ఇవన్నీ కష్టాలే. అయితే ఆ పనులకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. పైరు కోశాక ఊపిరి తీసుకునే రోజులు వస్తాయి. పేడకూ పాలకూ వంటకూ ఆ రోజులు రావు. ఏడాది పొడవునా ఆగని పనంతా ఒక్కరి మీద ఉండటమే అసలు భారం.

ఈ భారాన్ని 'సాయం' తగ్గించలేదు. 'ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను' అనే మాటలో ప్రేమ ఉంది. కానీ ఏ పని ఎప్పుడు చేయాలో కనిపెట్టే బరువు మాత్రం చెప్పాల్సినవాళ్ల నెత్తినే మిగిలిపోతుంది. దాణా అయిపోతోందని గమనించడం, తౌడు ధర కనుక్కోవడం, తెచ్చి పోయడం, పురుగు పట్టకుండా చూడటం, ఇదంతా కలిపి దాణా పని. గోతాం బండి మీద వేసుకు రావడం ఒక్కటే చేసి దాణా నేనే చూస్తున్నాను అనుకుంటే సగం పని ఇంకొకరి మీద ఉన్నట్టే.

అందుకే పంచుకునేటప్పుడు పనిని మొదలు నుంచి చివరిదాకా ఇవ్వండి. పొద్దుటి పాలు ఒకరివైతే, నీళ్లు కాయడం నుంచి క్యాను బోర్లించేదాకా వాళ్లవే. పేడ ఒకరిదైతే, ఎత్తడం నుంచి గుంతలో వేసి పైన ఆకు పరిచేదాకా వాళ్లదే. ఇచ్చాక వెనకాల నిలబడి వంకలు పెట్టకూడదు. కొత్తగా చేపట్టినవాళ్లు మొదట్లో నిదానంగా చేస్తారు, వాళ్ల పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది. పాలు శుభ్రంగా ఉన్నాయా, గేదె హాయిగా ఉందా అన్నదే చూడాలి గానీ చెంబు ఎక్కడ పెట్టారన్నది అనవసరం. చాలా ఇళ్లలో పని మళ్లీ పాత చేతుల్లోకే వచ్చేది ఈ వంకల దగ్గరే.

మారు మనిషి

పశువుకు చెయ్యి అలవాటు. రోజూ ఒక్కరే పితికితే, ఆ ఒక్కరూ లేని పూట గేదె చేపదు. కూతురు పురిటికి వెళ్లాలన్నా, తిరుపతి మొక్కు తీర్చుకోవాలన్నా, ఆస్పత్రిలో చేరాలన్నా 'గేదె ఎవరు పితుకుతారు' అన్న మాటే ముందు వస్తుంది. ఆడవాళ్లు తమ ఒంటి నొప్పుల్ని నెలల తరబడి దాచుకోవడానికి ఈ ఒక్క ప్రశ్నే కారణమైన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

కాబట్టి ప్రతి వేళ పనికీ ఒక మారు మనిషి ఉండాలి. అవసరం వచ్చాక వెతికితే కుదరదు. మామూలు రోజుల్లోనే వారానికి రెండు మూడు పూటలు ఆ మనిషి పితకాలి. పిల్లలు కాలేజీలకు, ఉద్యోగాలకు వెళ్లిపోయి ఇంట్లో భార్యాభర్తలే మిగిలితే, పక్కింటి వాళ్లతో బదులు కుదుర్చుకోండి. మీరు ఊరెళ్లినప్పుడు వాళ్లు, వాళ్లు వెళ్లినప్పుడు మీరు. నాట్లకూ కలుపులకూ బదులు పని మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని కొట్టం దాకా తీసుకురావాలి.

మారు మనిషి కోసం కొట్టం స్తంభానికి ఒక అట్ట కట్టండి. దాని మీద నాలుగు సంగతులు చాలు: ఏ గేదెకు దాణా ఎంత, దూడకు పాలు ఎంత వదలాలి, ఏ పశువు తన్నుతుంది, జబ్బు చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది. దాన్నీ పెద్ద అక్షరాలతో రాయండి.

అదను గోడ మీద ఉండాలి

అదను పనులకు జ్ఞాపకశక్తిని నమ్ముకోకండి. గోడ క్యాలెండరును నమ్ముకోండి. మన పెద్దలు సంవత్సరాన్ని 27 కార్తెలుగా చూశారు. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. వారం మరీ చిన్నది, నెల మరీ పెద్దది. ఇంటి పనులు వేసుకోవడానికి కార్తె సరిగ్గా సరిపోతుంది. రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. కార్తె మొదటి రోజున ఆ పదమూడు రోజుల్లో తప్పకూడని పనులు రెండో మూడో క్యాలెండరు మీద రాసుకోండి.

ఏవి రాయాలో కొన్ని చెబుతాను.

గేదె ఎద. ఈనిన రెండు మూడు నెలలకు గేదె మళ్లీ ఎదకు రావాలి. ఆ తర్వాత దాదాపు 21 రోజులకొకసారి వస్తుంది. గేదెల్లో ఎద లక్షణాలు ఆవుల్లో అంత స్పష్టంగా కనబడవు. తరచు రాత్రిపూట, తెల్లవారుజామున కనబడతాయి. ఒక్కసారి తప్పిపోతే మూడు వారాల మేత, దాణా వృథా. ఈ పని నలుగురి కళ్లతో ఎలా సాగాలో చూడండి.

"అత్తయ్యా, తెల్లవారుజామున గేదె రెండుసార్లు అరిచింది. పాలు కూడా తగ్గాయి."

"తోక కింద తీగ కనిపించిందా అమ్మాయ్?"

"కనిపించింది. గాజులా తేటగా ఉంది."

"అయితే సాయంత్రం సూది వేయించాలి. డాక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చెయ్యమను మీ ఆయన్ని. తారీఖు నేను రాసి పెడతాను."

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలన్నది పశువైద్యులు చెప్పే లెక్క. రాసిన తారీఖు నుంచి 21వ రోజున మళ్లీ గుర్తు పెట్టుకుని చూడాలి. కట్టిందని తేలితే దాదాపు 310 రోజులకు ఈనుతుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపేసి గేదెకు విశ్రాంతి ఇవ్వాలి. దూడ పుట్టిన గంట, రెండు గంటల్లోపే జున్నుపాలు తాగించాలి. వ్యాధిని తట్టుకునే శక్తి దూడకు అందేది ఆ పాలతోనే. మాయ పడేదాకా ఆగకూడదు. ఇన్ని పనులూ ఒక్క తారీఖు రాయడం మీద ఆధారపడి ఉన్నాయి.

టీకాలు. గొంతువాపు టీకా వర్షాలు మొదలయ్యే ముందే పడాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి. గాలికుంటు నిర్మూలనకు కేంద్రం 2019లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. టీకా ఉచితంగా వేస్తారు. ఊళ్లోకి టీకా బృందం వచ్చిన రోజున పశువుల్ని మేతకు తోలేయకుండా కట్టి ఉంచడమే మన వంతు పని.

విత్తనం. ఇంట్లో దాచిన వడ్లు విత్తనంగా పనికొస్తాయో లేదో చల్లే ముందే తెలుసుకోండి. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి, నాలుగైదు రోజులు తడి ఆరకుండా ఉంచండి. ఎనభైకి తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు. కొన్న విత్తనమైతే సంచి, దాని చీటీ, బిల్లు పంట ఇల్లు చేరేదాకా భద్రంగా ఉంచాలి. పైరు దెబ్బతింటే పరిహారం అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.

పప్పులు. పెసలు, మినుములు, కందుల్లో పుచ్చు పురుగు చాలాసార్లు చేలోనే గుడ్డు పెట్టి గింజతోపాటు ఇంటికి వస్తుంది. డబ్బా ఎంత బిగించినా లోపలున్నది లోపలే పెరుగుతుంది. అందుకే నూర్చిన వెంటనే రెండు మూడు మంచి ఎండలు తగలనివ్వాలి. ఎండలోంచి తీసి వేడివేడిగా డబ్బాలో పోయకూడదు, తడి పడుతుంది. చల్లారాకే పోయాలి. కిలోకు ఒక చెంచా నూనె పట్టిస్తే పురుగు గుడ్డు నిలవదు. కందుల్ని పప్పు చేసి దాస్తే పుచ్చు బెడద ఇంకా తక్కువ.

చింతపండు, మిరప, ఆవకాయ. చింతకాయ, మిరపకాయ ఎండ ముదిరేలోపు ఇంటికి రావాలి. ఆవకాయకు టెంక గట్టిపడిన పుల్లటి కాయ, తొలకరి పడక ముందు కోసింది కావాలి. వాన నీళ్లు తాగిన కాయ ఊరగాయకు నిలవదు. ముక్క మీద తడి లేకుండా గుడ్డతో తుడిచి, మూడో రోజున తిరగకలిపి, పైకి నూనె తేలేలా చూస్తే ఏడాది భయం లేదు. వంట సొగసుకు కాదు ఇది ఇక్కడ రాయడం. జూలై, ఆగస్టుల్లో నాట్లు, కలుపులు మీద పడి కూర చేయడానికి తీరిక లేని రోజున జాడీలో ఆవకాయ, డబ్బాలో వడియాలు ఉన్నాయంటే ఒక గంట వంట పని మే నెలలోనే అయిపోయినట్టు. అదను పని చేసే మేలు ఇదే.

తీరిక పని: కార్తెకు ఒకటి

తీరిక పనుల జాబితా ఎప్పుడూ పొడుగే. దాన్ని చూసి కుంగిపోకండి. కార్తెకు ఒక్కటి ఎంచుకోండి. ఏడాదికి 27 పనులు అవుతాయి. ఏ ఇంటికైనా అది చిన్న సంఖ్య కాదు.

ఏది ముందు? రేపటి నుంచి వేళ పనిని తేలిక చేసేది ముందు. కొట్టంలో నేల వాలు సరిచేసి మూత్రం ఒక మూలకు చేరేలా కాలువ తీస్తే రోజూ కడిగే శ్రమ తగ్గుతుంది. తొట్టికి పైపు వేస్తే బిందెలు మోయడం పోతుంది. పచ్చిగడ్డి మడి కొట్టానికి దగ్గరగా వేసుకుంటే రోజూ మోపు నెత్తిన పెట్టుకుని నడిచే దూరం తగ్గుతుంది. గూట్లో వస్తువులు అందంగా సర్దడం తర్వాత.

పెంట గుంత ఈ కోవలో మొదటిది. ఒక గేదె రోజుకు దాదాపు 15 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి ఐదు టన్నులకు పైమాటే. దిబ్బ మీద కుప్పగా పోస్తే ఎండకు కొంత సారం గాలిలో కలుస్తుంది, వానకు కొంత కాలువలో పోతుంది. గుంత తీసి, మీద చిన్న నీడ వేసి, పశువుల కింద రాలిన ఆకో, తినగా మిగిలిన గడ్డో పరిచి, మూత్రం పీల్చుకున్న ఆ చెత్తను కూడా గుంతలోనే వేస్తే ఆ ఎరువు వేరు. నత్రజని, పొటాష్ మూత్రంలో చాలా ఉంటాయి, దాన్ని పారబోయడం ఎరువు కొట్టుకు డబ్బు పారబోయడమే. పశువులు నాలుగుంటే గోబర్ గ్యాస్ కూడా ఆలోచించండి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. దాంట్లోంచి బయటికి వచ్చే పేడనీరు మళ్లీ ఎరువే.

పెరడూ, కోళ్లూ: పిల్లలకూ పెద్దలకూ

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాట. పెరట్లో ఒక మునగ, ఒక కరివేపాకు, అంట్లు కడిగిన నీళ్లు పారే చోట నాలుగు అరటి పిలకలు, పందిరి మీద బీర, సొర, కంచె మీద చిక్కుడు, రెండు మడుల్లో తోటకూర, గోంగూర ఉంటే ఇందులో చాలా భాగం ఇంట్లోనే దొరుకుతుంది. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది కాబట్టి పదిహేను రోజులకొక మడి చల్లుకుంటూ పోతే ఎప్పుడూ లేతకూర ఉంటుంది. ఇంచుమించు కార్తెకు ఒక మడి అన్నమాట.

కూర్చుని చేసే పనులు, గుర్తుంచుకునే పనులు పెద్దవాళ్లకు అప్పగించండి. క్యాలెండరు వాళ్ల దగ్గర ఉండాలి. వయసు మీదపడి బరువులు ఎత్తలేకపోయినా, ఏ గేదె ఎప్పుడు ఈనిందో, ఏ విత్తనం ఏ కుండలో ఉందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంట్లో తమ మాటకు పని ఉందన్న నమ్మకం వాళ్లకు మందుకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పిల్లలకు కోళ్లు ఇవ్వండి. బడికి వెళ్లే ముందు వదలడం, వచ్చాక నీళ్లు మార్చడం, పొద్దుగూకే వేళకు లెక్కపెట్టి మూయడం వాళ్ల పని. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. ఇవి గుడ్లు బాగా పెడతాయి గానీ పొదగడానికి పెద్దగా కూర్చోవు. అందుకే వాటి గుడ్లు పది, పన్నెండు నాటు పెట్ట కింద పెడతారు. 21 రోజులకు పిల్లలు వస్తాయి. ఏడో రోజున కొక్కెర తెగులుకు కంట్లో చుక్క వేయించాలి. పొదిగేసిన తారీఖు, పిల్లలు దిగిన తారీఖు, చుక్క వేయించిన తారీఖు పిల్లవాడి చేతే రాయించండి. గుడ్లు అమ్మిన డబ్బులో కొంత వాడికే ఇవ్వండి. అయితే చదువు వేళలో పని చెప్పకూడదు. మోటారు స్టార్టరు, పురుగుమందు దరిదాపులకు పిల్లల్ని రానివ్వకూడదు.

ప్రాణం మీదికి రాకుండా

ఏ పనినైనా పంచుకోవచ్చు గానీ పోయిన ప్రాణాన్ని ఎవరూ భర్తీ చేయలేరు. ఈ నాలుగూ ఇంట్లో అందరికీ నోటికి రావాలి.

తడి చేత్తో, తడి నేల మీద చెప్పుల్లేకుండా స్టార్టరు ముట్టవద్దు. ఎర్తు వైరు ఏడాదికోసారి చూపించుకోవాలి.

పురుగుమందు తాళం ఉన్న పెట్టెలో ఉండాలి. మిగిలిన మందును నీళ్ల సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో ఎప్పుడూ పోయకూడదు.

గింజలున్న చోటికి ఎలుక, ఎలుక ఉన్న చోటికి పాము వస్తాయి. బస్తాల పక్కన నేల మీద పడుకోవద్దు. మంచం, దోమతెర ఉంటే కట్లపాము కాటు ముప్పు చాలా తగ్గుతుంది. రాత్రి పొలానికి వెళ్తే టార్చి, బూట్లు తప్పనిసరి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు ఉండేది అక్కడే.

ఈ కార్తెలో చేసి చూడండి

మొదటి రోజు సాయంత్రం అన్నాలు తిన్నాక అందరూ కూర్చోండి. నోట్‌బుక్కులో మీ ఇంటి పనులన్నీ రాయండి. చేసేవాళ్లే చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. నీళ్లు కాయడం, క్యాను కడగడం, దాణా చూసుకోవడం లాంటి చిన్నవి కూడా వదలకండి. జాబితా పొడవు చూశాకే ఒకరి కష్టం ఇంకొకరికి తెలుస్తుంది.

రెండో రోజు ప్రతి పని పక్కన వేళ, అదను, తీరిక అని గుర్తు పెట్టండి. వేళ పనుల్లో ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

మూడో రోజు ఎక్కువసార్లు వచ్చిన పేరు దగ్గర నుంచి కనీసం రెండు వేళ పనులు తీసి, మొదలు నుంచి చివరిదాకా మరొకరికి ఇవ్వండి. ఏవి ఇవ్వాలో ఇప్పటిదాకా చేస్తున్న మనిషే ఎంచుకోవాలి.

నాలుగో రోజు నుంచి పాలకు మారు మనిషి వారానికి రెండు పూటలు పితకడం మొదలుపెట్టాలి. కొట్టంలో అట్ట కట్టాలి. క్యాలెండరు మీద ఈ కార్తె అదను పనులు, ఒక తీరిక పని రాయాలి.

కార్తె చివరి రోజున మళ్లీ కూర్చుని, పని ఎక్కువగా మోస్తున్న మనిషిని ఒక్క మాట అడగండి: రెండు రోజులు పుట్టింటికో, ఆస్పత్రికో, పెళ్లికో వెళ్లాలంటే ఇప్పుడు వెళ్లగలవా? 'వెళ్లగలను' అన్న జవాబు వస్తే ఏర్పాటు కుదిరినట్టే. రాకపోతే ఏ పని దగ్గర ఆగిపోయిందో కనుక్కుని, వచ్చే కార్తెలో ముందు దానికి మారు మనిషిని తయారు చేయండి. ఆ జవాబు వచ్చేదాకా ఈ ప్రశ్న ప్రతి కార్తెకూ అడగవలసిందే. అడగవలసిన బాధ్యత, ఇంట్లో తక్కువ వేళ పనులు ఉన్నవాళ్లది.